నిమ్మకాయ బండి బేరం: జబ్బున్న లగ్జరీ కారు కొనొచ్చా?

ఇంద్రకీలాద్రి కింద కొత్త కారుకి పూజ చేయించేటప్పుడు నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెడతారు. బండి అడుగు ముందుకు కదిలి వాటిని తొక్కితే దిష్టి పోయినట్టు. అమెరికాలో మాత్రం నిమ్మకాయ అంటే ఆ బండే. కొత్తగా కొన్నప్పటి నుంచి ఒకే కంప్లైంట్‌తో పదేపదే వర్క్‌షాపుకి తిరుగుతూ, ఎన్నిసార్లు చేయించినా దారికి రాని కారుని వాళ్లు ‘లెమన్’ అంటారు. మన దగ్గర అలాంటి కార్లు లేవని కాదు, వాటికి పేరు లేదంతే. పేరు లేదు కాబట్టి కాగితాల మీద గుర్తూ లేదు.

విజయవాడలోనో గుంటూరులోనో సెకండ్ హ్యాండ్ లగ్జరీ కారు వెతుకుతున్నవాళ్లకి అసలు చిక్కు ఇదే. ఆరేళ్ల కిందట ఆన్‌రోడ్ 60 లక్షలు పడిన జర్మన్ సెడాన్ ఇప్పుడు 18 లక్షలకి వస్తోందనుకుందాం. అదే మోడల్, అదే ఏడాది బండి మిగతాచోట్ల 22 దాకా చెబుతున్నారు. నాలుగు లక్షలు ఎందుకు తగ్గిందని అడిగితే పాత కార్లు అమ్మిపెట్టే కన్సల్టెన్సీ ఆయన నవ్వుతూ, ‘‘మొదట్లో చిన్న కంప్లైంట్ ఉండేది సార్, కంపెనీవాళ్లే సెట్ చేసేశారు’’ అంటాడు. ఆ కంప్లైంట్ ఏ భాగంలో? సెట్ చేయడమంటే ఏం మార్చారు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, కాగితం ఏది? జబ్బుకి పేరుండి, వైద్యానికి రసీదు ఉంటే ఆ బండికి ఒక ధర కట్టొచ్చు. పేరు తెలియని జబ్బుకి ఎంత తగ్గించినా ధర కట్టలేం. కొనాలా వద్దా అన్నది తేలేది ఇక్కడే. మైలేజీ, రంగు, సన్‌రూఫ్, ఓనర్ల సంఖ్య అన్నీ దీని తర్వాతే.

అక్కడ ముద్ర వేస్తారు, ఇక్కడ ఊరు మారుస్తారు

అమెరికాలో మొదటి లెమన్ చట్టం 1982లో కనెక్టికట్ రాష్ట్రంలో వచ్చింది. తర్వాత మిగతా రాష్ట్రాలూ తెచ్చుకున్నాయి. కాలిఫోర్నియా లెక్క చూస్తే, కొన్న 18 నెలలు లేదా 18,000 మైళ్ల లోపు ఒకే లోపానికి నాలుగుసార్లు రిపేరు చేసినా తగ్గకపోతే ఆ బండిని లెమన్‌గా భావిస్తారు. ప్రాణం మీదికి తెచ్చే లోపమైతే రెండుసార్లు చాలు. రిపేర్ల కోసం మొత్తం మీద 30 రోజులకి పైగా వర్క్‌షాపులో ఉండిపోయినా అంతే. కంపెనీ అలాంటి బండిని వెనక్కి తీసుకుని మళ్లీ అమ్మాలంటే, యాజమాన్య పత్రం మీదే అది లెమన్ చట్టం కింద వెనక్కొచ్చిన బండి అని రాయాలి, తలుపు దగ్గర స్టిక్కర్ కూడా అంటించాలి. ఆ తర్వాత ఎన్ని చేతులు మారినా ఆ ముద్ర పోదు.

గుంటూరు, విజయవాడల్లో ఇంటికొకరు అమెరికాలో ఉంటారు కాబట్టి ఇలాంటి బేరం నడుస్తుండగా డల్లాస్ నుంచి బావగారు ఫోన్ చేసి ‘‘కార్‌ఫ్యాక్స్ చూశారా?’’ అని అడగడం మామూలే. కార్‌ఫ్యాక్స్ అంటే బండి పాత చరిత్ర చెప్పే అమెరికా రిపోర్టు. ఇక్కడ రిజిస్టర్ అయిన బండికి అది పనికిరాదు. మన దేశంలో లెమన్ చట్టం లేదు, ఆర్సీ మీద అలాంటి గడీ లేదు. యజమాని కేసు వేస్తానని గట్టిగా నిలబడితే వారంటీ పొడిగింపో, కొత్త బండి మీద డిస్కౌంటో, ఎక్స్ఛేంజో ఏదో ఒక సర్దుబాటు జరుగుతుంది. పాత బండి వేలానికో, బ్రోకరుకో పోతుంది. అక్కడి నుంచి ఊరు మారుతుంది. ముంబైలోనో బెంగళూరులోనో వర్క్‌షాపు వాళ్లకి చూడగానే గుర్తుపట్టేంతగా తెలిసిన బండి బెజవాడ చేరేసరికి ‘షోరూమ్ కండిషన్’ అయిపోతుంది.

ఢిల్లీ బండ్ల సంగతి కాస్త వేరు. పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లు అక్కడ తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ నిబంధన తర్వాత మారుతూ వచ్చినా, గడువు దగ్గరపడ్డ పెద్ద డీజిల్ కార్లు చవగ్గా దక్షిణాదికి రావడం మాత్రం అలవాటుగా మారింది. వాటి చవకకి కారణం నిబంధనే కావచ్చు, జబ్బే కానక్కర్లేదు. అందుకని ఢిల్లీ బండి అనగానే పారిపోవాల్సిన పని లేదు. ఢిల్లీ బండి అన్న మాట వెనక ఇంకేం దాచారో మాత్రం చూడాలి.

జార్జ్ ఎకర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లోనే ఈ పాత కార్ల బజారు మీద ఒక పరిశోధన పత్రం రాశారు. 2001లో ఆయనకి ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది. ఆయన వాదన సూటిగా ఉంటుంది. బండి మంచిదో కాదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియని కొనుగోలుదారు మధ్యరకం ధరే ఇస్తాడు. ఆ ధరకి మంచి బండి యజమాని అమ్మడు, వెనక్కి తగ్గుతాడు. బజార్లో మిగిలేవి మెల్లగా చెడ్డవే. మన ఊళ్లలో దీన్ని కళ్లారా చూడొచ్చు. సూర్యారావుపేట డాక్టరు గారు జాగ్రత్తగా వాడిన కారు ఏ పెళ్లి భోజనాల దగ్గరో ఇంకో డాక్టరు గారికి మాటైపోతుంది, కన్సల్టెన్సీ గేటు దాకా రాదు. గేటు దాకా వచ్చిన ప్రతి బండినీ మాత్రం ‘‘డాక్టర్ గారి బండి సార్, సింగిల్ హ్యాండ్’’ అనే చెబుతారు.

జాబ్ కార్డులు ఏం చెబుతాయి

చట్టం ముద్ర వేయనప్పుడు ఆ పని కొనేవాళ్లే చేసుకోవాలి. దానికి కావాల్సిన సరుకు అధీకృత వర్క్‌షాపు కంప్యూటర్లో ఉంటుంది. పదిహేడు అక్షరాల ఛాసిస్ నంబరు కొడితే, ఆ కంపెనీ వర్క్‌షాపుల్లో బండి ఎప్పుడు, ఏ ఊళ్లో, ఏ కంప్లైంట్‌తో వచ్చిందో బయటపడుతుంది. సాధారణంగా ఈ వివరాలు యజమానికే ఇస్తారు, దారిన పోయేవాళ్లకి ఇవ్వరు. కాబట్టి యజమానిని వెంటబెట్టుకుని వెళ్లాలి, లేదా ఆయన చేతే మెయిల్ పెట్టించాలి. ‘‘అవన్నీ ఎందుకండీ, బండి నడిపి చూడండి’’ అన్న దగ్గరే సగం విషయం తెలిసిపోతుంది.

ఫైలు చేతికొచ్చాక బిల్లు మొత్తాల కన్నా ముందు చూడాల్సినవి తేదీలు. జాబ్ కార్డు, అంటే బండి వచ్చినప్పుడల్లా వర్క్‌షాపు రాసే పని పత్రం, తెరిచిన రోజు, మూసిన రోజు. ఆయిల్ సర్వీసుకి వచ్చిన బండి మర్నాడు వెళ్లిపోవాలి. పదహారు రోజులు ఉంటే ఎందుకుంది? కాలిఫోర్నియా కొలబద్దని ఇక్కడ ఉచితంగానే వాడుకోవచ్చు. మొదటి ఏడాదిన్నరలో ఒకే కంప్లైంట్ నాలుగుసార్లు కనిపించినా, వర్క్‌షాపు రోజులు కలిపితే 30 దాటినా, ఏ ప్రభుత్వమూ చెప్పకపోయినా అది లెమనే.

కానీ లెమన్ అని తేలినంత మాత్రాన కథ అయిపోలేదు. రెండు ఫైళ్లు ఊహించుకుందాం. మొదటి దాంట్లో 11,400 కిలోమీటర్ల దగ్గర ‘రెండో గేరు నుంచి మూడుకి మారేటప్పుడు కుదుపు’ అని రాసి ఉంది, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశారు. 13,000 దగ్గర మళ్లీ అదే కంప్లైంట్, చూసి పంపించారు. 14,200 దగ్గర మరోసారి. 15,900 దగ్గర గేర్‌బాక్స్‌ని నడిపించే మెకట్రానిక్ యూనిట్ వారంటీలో మార్చారు, పార్ట్ నంబరు కూడా ఉంది, బండి 22 రోజులు అక్కడే ఉంది. అక్కడి నుంచి 58,000 దాకా ప్రతి ఏడాదీ సర్వీసు ఎంట్రీ ఉంది, గేరు మాట మళ్లీ లేదు. కొలబద్ద ప్రకారం ఇది కచ్చితంగా లెమన్. అయినా కొనదగ్గ బండి. ఈ జాతి మొత్తానికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఖర్చు దీనికి ముందే వచ్చి, కంపెనీ ఖాతాలో పోయింది.

రెండో ఫైల్లో అంత భయపెట్టేదేమీ కనిపించదు. 9,000 దగ్గర డ్యాష్‌బోర్డులో వార్నింగ్ లైటు, కారు కంప్యూటర్లో నమోదైన ఫాల్ట్ కోడ్ చెరిపేశారు. 12,500 దగ్గర రాత్రి పార్క్ చేస్తే పొద్దున స్టార్ట్ కాలేదు, బ్యాటరీ మార్చారు. 14,000 దగ్గర మళ్లీ లైటు, ‘చెక్ చేశాం, సమస్య కనిపించలేదు’. 19,000 దగ్గర కెమెరా, పార్కింగ్ సెన్సర్లు ఒక్కసారిగా ఆగిపోయాయి, ‘చెక్ చేశాం, సమస్య కనిపించలేదు’. 24,000 దగ్గర ఓనర్ మారాడు. ఆ తర్వాత కాగితమే లేదు. ఒక్కో ఎంట్రీ చూస్తే అన్నీ చిన్నవే, ఏదీ పెద్ద బిల్లు కాదు. ‘సమస్య కనిపించలేదు’ అన్న మాట రెండుసార్లు వచ్చిన ఫైలు, ఇంజన్ మార్చిన ఫైలు కన్నా ప్రమాదం. కంపెనీ పరికరాలతో, కంపెనీ మనుషులు వెతికితే దొరకనిది రేపు ఇంకెవరికో దొరుకుతుందన్న భరోసా ఏమిటి? ఈ బండిని 18 కాదు, 12కి ఇచ్చినా వదిలేయడమే మేలు.

ఫైల్లో ఇంకో పని కూడా జరుగుతుంది. ప్రతి ఎంట్రీలో కిలోమీటర్లు ఉంటాయి కాబట్టి మీటరు తిప్పారో లేదో తేలుతుంది. చాలా జర్మన్ కార్లలో కిలోమీటర్ల లెక్క డ్యాష్‌బోర్డులోనే కాక వేరే కంట్రోల్ యూనిట్లలోనూ నిల్వ ఉంటుంది. కారు కంప్యూటర్లని చదివే మంచి స్కానర్ ఉన్నవాళ్లు ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూపించగలరు. స్కాన్‌లో ఒక్క ఫాల్ట్ కూడా లేకపోతే సంబరపడకూడదు. ఆరేళ్ల బండిలో ఏదో ఒక పాత కోడ్ ఉంటుంది. అన్నీ శుభ్రంగా ఉంటే నిన్న రాత్రి చెరిపేశారేమో చూడాలి. కోడ్లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్నది కూడా స్కానర్లో కనిపిస్తుంది. అక్కడ ‘12’ అని ఉంటే ఆ పన్నెండు కిలోమీటర్లూ కన్సల్టెన్సీ నుంచి ఇక్కడిదాకా వచ్చిన దూరమే.

ఏ జబ్బుకి మందుంది

పేరు తెలిసిన జబ్బులన్నీ ఒకే రకం కావు. బీఎండబ్ల్యూ ఎన్47 డీజిల్ ఇంజన్‌లో టైమింగ్ చెయిన్ అరుగుదల ప్రపంచమంతా తెలిసిన విషయం. ఆ చెయిన్‌ని ఇంజన్ ముందువైపు కాకుండా గేర్‌బాక్స్ వైపు పెట్టారు. అందుకే చెయిన్ కన్నా దాన్ని చేరుకోవడానికి అయ్యే లేబర్ ఎక్కువ. మార్చిన బిల్లు ఉంటే నిశ్చింత, లేకపోతే ఆ ఖర్చుని ధరలోంచి తీసేయాలి. ఆడి రెండు లీటర్ల పెట్రోల్ ఇంజన్లలో ఒక తరం వాటికి ఇంజన్ ఆయిల్ తాగేసే లక్షణం ఉండేది, పిస్టన్ రింగులు మార్చాల్సి వచ్చేది. ఇది టెస్ట్ డ్రైవ్‌లో తెలియదు. డిక్కీలో సగం వాడిన ఆయిల్ డబ్బా కనిపిస్తే మాత్రం ఒకసారి ఆలోచించాలి.

ఎయిర్ సస్పెన్షన్ ఉన్న పెద్ద కార్లలో రబ్బరు బెలూన్లు వయసుతో పగుళ్లిచ్చి గాలి వదులుతాయి. గాలి తగ్గుతున్న కొద్దీ కంప్రెసర్ ఆగకుండా తిరిగి, చివరికి అదీ కాలిపోతుంది. దీనికి పరీక్ష తేలిక. సాయంత్రం బండిని చదును నేల మీద ఆపి, నాలుగు మూలలా చక్రం పైఅంచు నుంచి ఫెండర్ దాకా ఎన్ని వేళ్లు పడుతున్నాయో చూసుకోవాలి. పొద్దున మళ్లీ అదే కొలత. ఒక మూల కుంగి ఉంటే జబ్బేదో, మూల ఏదో అప్పుడే తెలిసిపోయింది. రాత్రంతా బండి ఉంచడానికి అమ్మేవాళ్లు ఒప్పుకోరు అనుకుంటాం గానీ, కాస్త అడ్వాన్సు పెట్టి అడిగితే చాలామంది కాదనరు. అదే పొద్దున, ఎవరూ తాకకముందే, బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందని చూసుకుని స్టార్ట్ చేయాలి. మొదటి రెండు మూడు సెకన్ల గలగల టైమింగ్ చెయిన్‌ది కావచ్చు, వేడెక్కిన ఇంజన్‌లో అది వినిపించదు. బండి చూడటానికి వెళ్లేసరికే ఇంజన్ వేడిగా ఉంటే ‘‘ఇప్పుడే కడిగి తెచ్చాం సార్’’ అన్న సమాధానంతో సరిపెట్టుకోకూడదు.

ఇక బెజవాడ ఎండ. ఈ కార్ల కూలింగ్ వ్యవస్థలో ప్లాస్టిక్ పైపులు, ప్లాస్టిక్ థర్మోస్టాట్ గూళ్లు ఎక్కువ. మే నెల మధ్యాహ్నం ఏసీ ఫుల్‌లో పెట్టి బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో అరగంట పాకించడం కన్నా కఠినమైన పరీక్ష ఏ వర్క్‌షాపులోనూ లేదు. ఊళ్లో కూడలికే బెంజ్ పేరుంది, ఆ కూడలిలో బెంజ్ వేడెక్కి ఆగకుండా ఉంటే చాలు. పొద్దున్నే చల్లటి వేళ బైపాస్ మీద రయ్యిమని తిప్పి చూపించే టెస్ట్ డ్రైవ్‌తో తేలేది తక్కువ.

అన్నిటికన్నా మొండి జబ్బు నీళ్లది. చాలా జర్మన్ కార్లలో బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, కొన్ని కంట్రోల్ యూనిట్లు సీట్ల కింద, కార్పెట్ల కింద ఉంటాయి. సన్‌రూఫ్ మూలల్లోని సన్నటి పైపుల్లో ఆకులు, దుమ్ము అడ్డుపడితే వాన నీళ్లు బయటికి పోకుండా లోపలికి దిగి నేరుగా వాటి మీదికే చేరతాయి. పైన చెప్పిన రెండో ఫైల్లోని బండికి ఇదే అయ్యుండొచ్చు. చెట్టు కింద పార్కింగ్, రెండు వానాకాలాలు, అంతే.

ఇక్కడే బుడమేరు గుర్తుకు రావాలి. 2024 సెప్టెంబరు మొదట్లో సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట వైపు ఇళ్లతో పాటు కార్లూ రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. బీమా పాలసీల్లో రిపేరు ఖర్చు ఐడీవీలో, అంటే బండికి బీమా కట్టిన విలువలో, 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద లెక్కగడతారు. లగ్జరీ కారులో నీళ్లు డ్యాష్‌బోర్డు ఎత్తుకి చేరితే ఆ 75 దాటడం ఎంతసేపు? అలాంటి బండ్లన్నీ తుక్కుకి పోవు. వేలంలో కొని, ఆరబెట్టి, సీట్లు కడిగి, మళ్లీ నడిపించేవాళ్లు ఉంటారు. 2015 డిసెంబరు చెన్నై, 2020 అక్టోబరు హైదరాబాద్, 2023 డిసెంబరు మళ్లీ చెన్నై వరదల తర్వాతా ఇలాంటి బండ్లు బజార్లోకి వచ్చాయి. బీమా క్లెయిమ్ ఉందని తెలిస్తే, క్లెయిమ్ తేదీని, అప్పుడు బండి ఉన్న ఊరిని ఈ వరదల పక్కన పెట్టి చూస్తే చాలు.

కంటితో చూసే గుర్తులూ ఉన్నాయి. డ్రైవర్ సీటు బెల్టుని చివరిదాకా, ఇక రానంటే వచ్చేదాకా బయటికి లాగాలి. సగం దాకా శుభ్రంగా ఉండి, రోజూ బయటికి రాని చివరి అడుగులో గోధుమరంగు గీత కనిపిస్తే అది నీటిమట్టం. సీటు కింది రైలు బోల్టులకి తుప్పు, కార్పెట్ కింద స్పాంజి గట్టిపడటం, స్పేర్ టైరు గుంతలో ఎండిన సన్నటి ఒండ్రు, వైరు కనెక్టర్ల లోపల పచ్చటి పొడి. పైపైన కడిగేవాళ్లు ఇంత లోపలికి పోరు. లోపల అగరుబత్తి వాసనో, ఘాటైన పెర్ఫ్యూమో కొడుతుంటే ఏసీ ఆపి, అద్దాలన్నీ మూసి పది నిమిషాలు ఎండలో ఉంచి తలుపు తీయాలి. ముక్కు తప్పు చెప్పదు.

నంబరు ప్లేటు కూడా కొంత చెబుతుంది. ఏపీ 16 అంటే విజయవాడ వైపు, ఏపీ 07 అంటే గుంటూరు అని ఒకప్పుడు చూడగానే తెలిసేది. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే ఏపీ 39 సిరీస్ మొదలయ్యాక ప్లేటుని బట్టి ఊరు చెప్పలేం. ఎం పరివాహన్ యాప్‌లో రిజిస్టర్ చేసిన ఆఫీసు, తేదీ, ఫైనాన్స్, బీమా గడువు తెలుస్తాయి. ప్రమాదాలు, రిపేర్లు తెలియవు. యాప్ చూశాం కదా అని ఊరుకుంటే కుదరదు.

ఆటోనగర్ దాకా వచ్చిన లెక్క

జవహర్ ఆటోనగర్ ఉన్న ఊళ్లో రిపేరుకి భయమేంటి అనిపిస్తుంది. లారీ ఇంజన్‌ని రాత్రికి రాత్రి విప్పి బిగించేవాళ్లు ఉన్న చోటు అది. టింకరింగ్, పెయింటింగ్, సస్పెన్షన్ బుష్‌లు, రేడియేటర్ లాంటివి ఇక్కడ షోరూమ్ రేటులో సగానికే అయిపోతాయి. కానీ కొత్త తరం లగ్జరీ కార్లలో చాలా ఎలక్ట్రానిక్ భాగాలు బిగించగానే పనిచేయవు. కంపెనీ సర్వర్‌కి కలిపి ఆ బండి ఛాసిస్ నంబరుతో కోడింగ్ చేయాలి. ఆడిలో ఒక బండి భాగాన్ని ఇంకో బండిలో పెడితే ఒప్పుకోకుండా అడ్డుకునే ఏర్పాటే ఉంది. స్పేర్ పార్టు తుక్కు బండిలోంచి పాతిక వేలకి దొరికినా, దానికి ప్రాణం పోయడానికి అధీకృత వర్క్‌షాపుకే వెళ్లాలి. ఆ బ్రాండు వర్క్‌షాపు ఊళ్లో లేకపోతే, లేక ఉన్నదాంట్లో ఆ పని చేయకపోతే, 275 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌కి ట్రక్కు మీద పంపాలి. జబ్బు పేరు తెలియని బండికి ఈ ప్రయాణం ఒక్కసారితో అయిపోదు.

ఇప్పుడు 18, 22 లెక్కకి వద్దాం. నాలుగు లక్షల తేడా లాభంలా కనిపిస్తుంది. మళ్లీ అమ్మేటప్పుడు కొనేవాళ్లు ఇదే ఫైలు చూసి ఇదే తేడా అడుగుతారు, కాబట్టి అందులో చాలా భాగం లాభం కాదు, అప్పు మాత్రమే. మిగిలినదాంట్లోంచి మొదటి ఏడాది టైర్లు, బ్రేక్ డిస్కులు, బ్యాటరీ, పెద్ద సర్వీసు తీసేయాలి. కొన్న ధరలో కనీసం ఆరో వంతు, అంటే మూడు లక్షలు, ముట్టుకోకుండా పక్కన పెట్టలేనివాళ్లు ఈ బేరంలోకి దిగకపోవడం మంచిది. ఏనుగుని కొనగలిగినా మేపడం వేరే లెక్క. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఇస్తామంటే దాని షరతుల్లో ‘ముందే ఉన్న లోపాలు’ అన్న మాట వెతకాలి. లెమన్ చరిత్ర ఉన్న బండికి ఆ ఒక్క మాటతో వారంటీ అంతా గాలికి పోవచ్చు.

ఇంట్లో ఇంకో కారు ఉండి, ఇది ఆదివారాలకో, అప్పుడప్పుడు హైదరాబాద్ ప్రయాణానికో అయితే మొదటి ఫైలు లాంటి బండి కొనొచ్చు. గుంటూరు నుంచి విజయవాడకి రోజూ ఆఫీసుకి వెళ్లొచ్చే ఒకే ఒక్క కారు ఇదే కావాలంటే అదీ వద్దు. ‘‘ఆ డబ్బుకి కొత్త ఎస్‌యూవీ వస్తుందిగా’’ అని మామగారు అనే మాట వినడానికి చప్పగా ఉన్నా, ఆ సందర్భంలో ఆయన చెప్పిందే సరైంది. ఫంక్షన్ హాలు ముందు దిగేటప్పుడు వచ్చే ఆనందానికి విలువ లేదనడం లేదు. అది సర్వీసు రోజుల్లో ఎన్ని ఉబర్ బిల్లులకి సరిపోతుందో చూసుకోవాలి.

రేపు తేడా వస్తే

లెమన్ చట్టం లేకపోయినా వినియోగదారుల రక్షణ చట్టం 2019 ఉంది. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్ చూస్తుంది. ఫిర్యాదుదారు ఉండే ఊళ్లోనే కేసు వేయొచ్చు, అంటే హైదరాబాద్ డీలరు దగ్గర కొన్నా విజయవాడలోనే అడగొచ్చు. గడువు రెండేళ్లు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఇది వ్యాపారం చేసేవాళ్ల మీద పనిచేసే చట్టం. పక్క వీధిలో ఉన్న వ్యక్తి తన సొంత కారు అమ్మితే ఆయన మీద ఈ కమిషన్‌లో నిలబడటం కష్టం. అప్పుడు మిగిలేది కాంట్రాక్టు చట్టం 1872. తెలిసి దాచిపెట్టడం దాని 17వ సెక్షన్ కింద మోసం, 19వ సెక్షన్ కింద ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. అయితే మాట్లాడకుండా ఊరుకోవడమే మోసమని వాదిస్తే, మామూలు శ్రద్ధతో తెలుసుకోగలిగి కూడా ఎందుకు చూసుకోలేదని అదే చట్టం కొనేవాళ్లని తిరిగి అడుగుతుంది.

కంపెనీ మీదికి వెళ్లడం ఇంకా దూరం. తయారీ లోపం అని నిరూపించకపోతే కారు మొత్తం మార్చమనో, డబ్బు వెనక్కివ్వమనో అడగలేరని, వారంటీ అంటే భాగం బాగుచేయడమో మార్చడమో మాత్రమేనని సుప్రీంకోర్టు 2006లో మారుతి కేసులో చెప్పింది. 2024లో అదే కోర్టు, డైరెక్టర్ల వాడకానికి కంపెనీ పేరున కొన్న బెంజ్ కారు కేసులో వినియోగదారు వైపే నిలిచింది. ఆ కారు 2000ల మొదట్లో కొన్నది. తీర్పు వచ్చేసరికి రెండు దశాబ్దాలు గడిచాయి. కొత్త బండి కొన్న కంపెనీకే అంత కాలం పడితే, మూడో చేతి యజమాని సంగతి చెప్పక్కర్లేదు.

డీలరు దగ్గర కొంటుంటే 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధన ఒకటి పనికొస్తుంది. పాత బండ్ల వ్యాపారులు రవాణా శాఖ దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలి, యజమాని బండిని తమకి అప్పగించిన సంగతి అధికారులకి ఆన్‌లైన్‌లో తెలియాలి. అనుమతి పత్రం చూపించమని అడగడం మర్యాద తక్కువేమీ కాదు. డీలరు లాభం మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, వ్యక్తి నుంచి వ్యక్తికి అమ్మితే పడదు. ధర తేడాలో కొంత ఇదీ ఉంటుంది.

తెలంగాణ బండి అయితే అక్కడి రవాణా శాఖ నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు. 2014కి ముందు ఒకే రాష్ట్రం కదా అని ఆ ప్లేటుతోనే ఏళ్ల తరబడి తిరిగేవాళ్లు ఉన్నారు గానీ, పన్నెండు నెలలు దాటితే ఇక్కడ రిజిస్ట్రేషన్ తప్పదు. ఖరీదైన కారుకి ఆ పన్ను లక్షల్లోనే ఉంటుంది కాబట్టి బేరానికి ముందే బ్రేక్ ఆఫీసులో, అంటే రవాణా శాఖ ఆఫీసులో, లెక్క అడగడం మంచిది. ఫైనాన్స్ ఉంటే, అప్పు తీరిందని చూపే ఫారం 35, బ్యాంకు లేఖ లేకుండా డబ్బు ఇవ్వకూడదు. యాజమాన్యం మార్పుకి ఫారం 29, 30 సంతకాలు, బీమాని పద్నాలుగు రోజుల్లోపు పేరు మార్పించుకోవడం అందరికీ తెలిసినవే. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు బీమా ప్రీమియంలో వచ్చే తగ్గింపు, బండితో రాదు, ఆయనతోనే పోతుంది.

చివరి కాగితం డెలివరీ నోట్. మామూలుగా అందులో తేదీ, టైము, ‘ఉన్నది ఉన్నట్టు తీసుకున్నాను’ అన్న వాక్యం, రెండు సంతకాలు ఉంటాయి. లెమన్ చరిత్ర ఉన్న బండికి ఇంకో వాక్యం రాయించాలి: ‘15,900 కిలోమీటర్ల దగ్గర మెకట్రానిక్ యూనిట్ మార్చబడింది, ఆ తర్వాత గేర్ల సమస్య రాలేదు, వరద నీటిలో మునగలేదు, మీటరు రీడింగ్ అసలైనది.’ చెప్పినవన్నీ నిజమైతే దీని కింద సంతకం పెట్టడానికి అర నిమిషం పడుతుంది. ‘‘ఇన్నేళ్లుగా వ్యాపారం చేస్తున్నాం సార్, ఇలా ఎవరూ రాయించుకోలేదు, నమ్మకం లేదా?’’ అంటే అడ్వాన్సు వెనక్కి తీసుకుని, ఆ 22 లక్షల బండి ఇంకా ఉందేమో ఫోన్ చేసి కనుక్కోవచ్చు.